అబ్బోడికి, ఆసిలోస్కోపు పంపే ముందు

అబ్బోడా,

తిరుపతి రూములో నువ్వే ఆంప్లిఫయర్ కట్టి దాని ట్రాన్సియెంట్ డిస్టార్షన్, అదే, సౌండు ఒక్కసారిగా లేచినప్పుడు పుట్టే వంకర, కొలుస్తావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. "నీ పిచ్చే వీడికీ పట్టిందన్నా" అని తిట్టినట్టే చెప్పింది గానీ గొంతులో మురిపెం దాగలేదు. నాకూ గర్వంగానే ఉంది, కాకపోతే రాత్రి నిద్ర పట్టలేదు.

స్పీకరు పెట్టి కొలవొద్దు, ట్వీటర్ కాలిపోతుంది. దాని బదులు 8 ఓమ్‌ల డమ్మీ లోడ్, అంటే ఉత్త రెసిస్టరు, పెట్టుకో, ఇండక్టెన్స్ (తీగచుట్ట గుణం) లేనిది చూసి కొను. ఇవి నీకు తెలిసినవే.

నేను చేసిన తప్పు మాత్రం పూర్తిగా విను. చిత్తూరులో మైక్ సెట్ అంగడి పెట్టిన కొత్తలో 741 అనే చిన్న ఆంప్లిఫయర్ ఐసీతో డ్రైవర్ స్టేజీ, అదే, పవర్ ట్రాన్సిస్టర్లను నడిపే భాగం, కట్టినాను. 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్, నున్నగా ఊగే అల, పెట్టి చూస్తే డిస్టార్షన్ లేనట్టే ఉంది, నేనేదో సాధించేసినట్టు అంగడంతా తిరిగినాను. గంగమ్మ జాతర రాత్రి సెట్టు ఆన్ చేసినాక, తాళం వేసే పెద్దాయన పాట మధ్యలో ఆపి నా వైపు తిరిగి, "ఏం సామీ, నా తాళం నోట్లో ఇసుక పోసినావా?" అన్నాడు. అంతమందీ నవ్వినారు. నేను తప్పును మైకు మీదికి తోసేసినాను, సిగ్గులేకుండా.

కొన్ని నెలల తర్వాత అరువు స్కోపుతో, అదే, కరెంటు అలను తెర మీద గీతగా చూపే మిషనుతో, 10 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ చూస్తే, నిలువుగా లేవాల్సిన గీత గోడకు ఆనించిన నిచ్చెనలా ఏటవాలుగా ఉంది! 20 కిలోహెర్ట్జ్ దగ్గర 10 వోల్టుల పీక్ రావాలంటే మైక్రోసెకనుకు 1.26 వోల్టులు లేవాలి, 741 లేచేది 0.5. తాళం పడ్డ ఆ క్షణంలో ఇన్‌పుట్ స్టేజీ చేతులెత్తేస్తుంది, అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో పోల్చే ఫీడ్‌బ్యాక్‌కు తప్పు దిద్దడానికి దారే ఉండదు, తాళంతోపాటు పాట కూడా నలిగిపోతుంది. ఫిన్లండ్‌లో ఒటాలా అనే ఆయన ఈ సంగతి 1970లోనే రాసిపెట్టినాడు, నాకు తెలిసేసరికి జాతర అయిపోయింది.

అందుకే ఒక్క సైన్ వేవ్‌ను నమ్మొద్దు. 3.15 కిలోహెర్ట్జ్ స్క్వేర్ వేవ్‌ను 30 కిలోహెర్ట్జ్ ఫిల్టర్ గుండా పంపి, దానికి 15 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ నాలుగో వంతు కలుపు. స్పెక్ట్రంలో 750 హెర్ట్జ్ దగ్గర ఏదైనా లేచిందా చూడు. స్క్వేర్ వేవ్ ఐదో హార్మోనిక్, అంటే ఐదు రెట్ల ఫ్రీక్వెన్సీ, 15.75 కదా, అందులోంచి 15 తీస్తే వచ్చేది అదే, అది లేచిందంటే నీ ఆంప్లిఫయర్ పుట్టించిందే.

నా అసలు భయం వేరే. స్కోపు ప్లగ్గులో ఎర్త్ పిన్ను ఎప్పుడూ పీకొద్దు. స్పీకరు రెండు కొసల్నీ నడిపే బ్రిడ్జి ఆంప్లిఫయరైతే నల్ల టెర్మినల్ కూడా గ్రౌండ్ కాదు, స్కోపు గ్రౌండ్ క్లిప్పు అక్కడ తగిలిస్తే షార్టే. చిన్నప్పుడు నా బొటనవేలి మచ్చ ఏంటని అడిగేవాడివి, దోసె పెనం కాల్చిందని చెప్పినాను. పెనం కాదురా. హమ్, ఆ గుయ్యిమనే మోత, పోతుందని ఎర్త్ పీకేసి, స్కోపు బాడీ పట్టుకున్నాను.

ఆదివారం నా పాత స్కోపు బస్సులో పంపిస్తాను, బస్టాండుకొచ్చి తీసుకో. మూడు పిన్నుల ప్లగ్గుతో పంపుతున్నాను, అట్లే ఉండాలి. 750 దగ్గర ఏం కనిపించిందో, రాత్రి ఎంతైనా సరే ఫోన్ చెయ్.

మీ మామ