కోచ్‌గా పనిచేస్తూ మాస్టర్స్ ఈత పోటీల్లో దిగొచ్చా?

దిగొచ్చు, జీతం తీసుకునే కోచ్ అయినా, మాజీ ఒలింపియన్ అయినా అడ్డు లేదు. మాస్టర్స్ అంటే పెద్దలకు వయసువారీగా జరిపే పోటీలు, ఇక్కడ విభాగాన్ని తేల్చేది వయసే: 25–29, 30–34, ఇలా ఐదేసి ఏళ్ల చొప్పున. వరల్డ్ ఆక్వాటిక్స్ (అంతర్జాతీయ ఈత సమాఖ్య) పోటీల్లో ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి ఎన్నేళ్లు నిండుతాయన్నదే లెక్క. 1986 నవంబరులో పుట్టిన కోచ్ 2026 మార్చిలో ఈదినా 40–44లోకే వస్తారు. రిలేలో నలుగురి వయసులూ కలుపుతారు; 34, 38, 40, 52 అయితే 164, అంటే 160–199 విభాగం.

‘మాస్టర్స్’ అనగానే ఆరితేరినవాళ్లకేనని వెనక్కి తగ్గడమే పెద్ద అపోహ. బ్లాక్ (కొలను అంచున ఉండే దిమ్మె) మీంచి దూకడం కూడా తప్పనిసరి కాదు, నీళ్లలోనే ఒక చేత్తో గోడ పట్టుకుని మొదలెట్టొచ్చు. బటర్‌ఫ్లై స్ట్రోకులో బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్కూ (కప్పలా కాళ్లు ఆడించడం) చెల్లుతుంది. మలుపు దగ్గర మాత్రం వదలరు: బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్ రెండింట్లోనూ ఒంటిచేత్తో గోడ తాకితే డిస్‌క్వాలిఫై.