జీతం బాగుంది, తృప్తి లేదు: ఉద్యోగం మానేయాలా? బ్యాంకు వదిలి వచ్చిన నా అనుభవం

తమ్ముడూ, మా తమ్ముడికీ నీ వయసే కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కానూరులో ఉంటూ ఒక కంపెనీకి రాత్రి షిఫ్టులో సపోర్టు ఉద్యోగం చేస్తున్నావు. చేరి మూడున్నరేళ్లయింది, చేతికి 58 వేలు వస్తోంది, పని మీద మాత్రం మనసు లేదు. గుంటూరులో తెలిసినవాళ్ల కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబితే నెలకు 25 వేలు ఇస్తామన్నారు, నీకు ఇష్టమైన పని అది. ఇంట్లో నాన్నగారు రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆరు లక్షల అప్పు ఉంది. జీతం చూసుకోవాలా, తృప్తి చూసుకోవాలా అని అడిగావు.

నేను జీతం వదులుకుని వచ్చినదాన్నే. అయినా నిన్ను ఇప్పుడే మానెయ్ అనలేను. ఎందుకో తెలియాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

2018 జనవరిలో విజయవాడలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచిలో చేరాను. చేతికి 58 వేలు దాకా వచ్చేది, ఇన్సెంటివులు వేరు. నీ జీతం అంకె చూడగానే ఆ రోజులే గుర్తొచ్చాయి. మా ఆయన ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు చూస్తారు. పని ఉన్న నెల పాతిక వేలు, లేని నెల పద్దెనిమిది. అంటే ఇల్లు నడిచేది నా జీతం మీదే. పటమటలో మంచి ఫ్లాటులో అద్దెకు ఉండేవాళ్లం, బాబు పెద్ద స్కూల్లో చదివేవాడు.

పని పేరుకు కస్టమర్ సర్వీసు. రోజూ ఉదయం మీటింగులో అడిగే మొదటి మాట మాత్రం "ఈరోజు ఎన్ని లాగిన్లు?" లాగిన్ అంటే ఇన్సూరెన్స్ పాలసీ దరఖాస్తు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఎవరెన్ని చేశారో పేర్లతో సహా పెట్టేవారు. మార్చి వచ్చిందంటే ఇక చెప్పనక్కర్లేదు, ఆదివారాలు కూడా ఫోన్లే.

2021 మార్చి ఆఖరి వారంలో ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటాయి. ముప్పై ఏళ్లు ఆటోనగర్లో లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి, కుడిచేతి చూపుడు వేలు కొస లేదు. పాస్ పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని తెచ్చారు. ఊళ్లో ఉన్న కాస్త స్థలం అమ్మిన అయిదు లక్షలు ఎఫ్‌డీ వేయాలన్నారు. నేను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, నాలుగు లక్షలు ఎఫ్‌డీ వేద్దాం, లక్ష ఇందులో పెట్టండి, ఇది ఇంకా మంచిది అన్నాను. అది ఏడాదికి లక్ష చొప్పున పదేళ్లు కట్టాల్సిన పాలసీ. ఆ సంగతి చెప్పకుండా ఏమీ లేను. "యాన్యువల్ ప్రీమియం" అని ఒక్కసారి అన్నాను. ఆయనకు తెలియని మాటలో నిజం చెప్పాను. తర్వాత కంపెనీ నుంచి ఫోను వస్తుంది, అడిగినవాటన్నిటికీ ఎస్ అనండి అని కూడా చెప్పాను. మేమందరం అలాగే చెప్పేవాళ్లం.

సరిగ్గా ఏడాదికి మళ్లీ వచ్చారు. ఫోన్ చూపించి, "ఇంకో లక్ష కట్టమని మెసేజ్ వచ్చిందమ్మా, పొరపాటున వచ్చిందేమో చూడు" అన్నారు. పాలసీ కాగితాలు చేతికి వచ్చిన పదిహేను రోజుల్లో నచ్చలేదని వెనక్కి ఇచ్చేయొచ్చు, అప్పట్లో అంతే గడువు. ఇప్పుడు దాన్ని 30 రోజులు చేశారు. ఆయనకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. రెండో ఏడాది కట్టకపోతే మొదటి లక్ష చేతికి రాదు. ఇదంతా ఆయనకు ఈసారి తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు ఆ పాస్ పుస్తకం కవర్ని మడతలు పెడుతూ కూర్చున్నారు. నన్ను తిట్టలేదు, మేనేజరు దగ్గరికి వెళ్లలేదు. "నువ్వు చెప్పావు గదా అని నేను చదవలేదమ్మా" అన్నారు. లేచి వెళ్తూ, "బాబు బాగున్నాడా?" అని అడిగారు. మొదటిసారి వచ్చినప్పుడు మా బాబు ఫోటో నా టేబుల్ మీద చూశారు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ పాలసీ మీద నాకు వచ్చిన ఇన్సెంటివ్ మూడు వేల చిల్లర, దాంతో బాబుకి సైకిల్ కొన్నాం. ఆ సైకిల్ వరండాలోనే ఉండేది.

జూలైలో రాజీనామా ఇచ్చాను. మా అత్తగారు "నోటి దగ్గర కూడు కాలదన్నుకుంటున్నావే" అన్నారు. ఆవిడ బాధ అబద్ధం కాదు.

ఇప్పుడు నీ విషయానికి వస్తాను. పనిలో తృప్తి లేదు అన్న ఒక్క మాటలో రెండు వేరువేరు బాధలు కలిసిపోయి ఉంటాయి. పని విసుగ్గా ఉంది, నిద్ర చాలడం లేదు, ఎదుగుదల కనిపించడం లేదు. ఇది ఒకటి. ఇవాళ నేను చేసిన పని ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకోలేను. ఇది రెండోది. మొదటిదానికి డబ్బు మందు కాకపోయినా ఊరట ఇస్తుంది, ఒక గడువు పెట్టుకుంటే భరించవచ్చు. రెండోదానికి డబ్బు తోడైతే ఇంకా పాడవుతుంది, ఎందుకంటే ఆ డబ్బుతో కొన్న ప్రతి వస్తువూ దాన్ని గుర్తు చేస్తూనే ఉంటుంది. నువ్వు రాసినదంతా వెతికాను. విసుగు ఉంది, రాత్రి షిఫ్టు అలసట ఉంది, టెన్షన్ ఉంది. ఎవరినో మోసం చేస్తున్నానన్న మాట ఎక్కడా లేదు. నీది మొదటి రకం బాధ అని నా నమ్మకం. అందుకే ఆగమంటున్నాను.

అప్పు లెక్క చూడు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఆరు లక్షలకు నెలకు 12 వేలు. నువ్వు 25 వేల ఉద్యోగంలో చేరితే జీతంలో సగం వడ్డీకే పోతుంది, అసలు రూపాయి కూడా తగ్గదు. అప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతున్నా నీ బుర్రలో తిరిగేది ఆ పన్నెండు వేలే. ఇష్టమైన పని మీద కూడా ఇష్టం పోతుంది, నేను చూశాను. అదే ఇప్పటి జీతంలోంచి నెలకు 30 వేలు పక్కన పెడితే, ఆ వడ్డీతోనే అయినా 26 నెలల్లో తీరిపోతుంది. ఇంకో మాట. నీ జీతం స్లిప్పుకి ఇప్పుడు ఒక విలువ ఉంది. ఏడాదికి 13 శాతానికి పర్సనల్ లోన్ దొరికిందనుకో, మొదటి నెల వడ్డీ ఆరున్నర వేలే. అదే 30 వేల చొప్పున 23 నెలల్లో అయిపోతుంది, మొత్తం మీద తొంభై వేల దాకా మిగులుతుంది. ఆ డబ్బుతో నోటు తీర్చేసి, ఆ ప్రామిసరీ నోటు నాన్నగారి చేతికి వెనక్కి తెప్పించు. ఉద్యోగం మానేశాక ఈ లోన్ ఎవరూ ఇవ్వరు. లోన్ ఇచ్చేటప్పుడు దానికి ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి అని ఎవరైనా అంటే, అది తప్పనిసరి అని ఎక్కడ రాసి ఉందో చూపించమను. ఆ కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

నేను చేసిన పొరపాట్లు కూడా రాస్తాను, నీకు పనికొస్తాయి. రాజీనామా నాటికి నాకు నాలుగున్నరేళ్ల సర్వీసు. మామూలు ఉద్యోగికి అయిదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే డబ్బు. నా బేసిక్ 24 వేలు. బేసిక్‌ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, అయిదేళ్లతో హెచ్చవేస్తే దాదాపు 69 వేలు. ఆరు నెలలు ఆగలేక అది పోయింది. ఆ బ్రాంచిలో ఆ ఆరు నెలలు ఉండి ఇంకెంతమంది పెద్దవాళ్ల చేత సంతకాలు పెట్టించేదాన్నో అనుకుంటే దాని మీద నాకు బాధ లేదు. నీకు అలాంటి తొందర ఏమీ లేదు. ఇంకో ఏడాదిన్నర ఉంటే అయిదేళ్లు నిండుతాయి, పర్సనల్ లోన్ దారిలో నీ అప్పు కూడా ఆ తర్వాత అయిదు నెలల్లో తీరిపోతుంది. పీఎఫ్ డబ్బు మాత్రం తీసుకోకు, అదే నంబరు మీద కొత్త చోటికి మార్పించుకో.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతో పాటే పోతుంది. సొంతంగా తీసుకుందాంలే అని రెండు నెలలు వాయిదా వేశాను. ఆ రెండు నెలల్లోనే మా ఆయనకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లని ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. లక్షా పది వేలు. నా గాజులు రెండూ తాకట్టు పెట్టాం. కొత్త పాలసీ తీసుకున్నా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు ఇవ్వరు, ముందే ఉన్న జబ్బులకైతే మూడేళ్ల దాకా ఆపొచ్చు. అందుకని నువ్వు ఉద్యోగంలో ఉండగానే అమ్మకూ నాన్నగారికీ తీసేసుకో. ఇది మాత్రం వాయిదా వేయొద్దు.

ఇప్పుడు నేను గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తున్నాను. 27 వేలతో మొదలయింది, ఇప్పుడు 33. పటమట ఫ్లాటు ఖాళీ చేసి సత్యనారాయణపురంలో రెండు గదుల పోర్షన్లోకి మారాం. రోజూ రైల్లో మంగళగిరి, నంబూరు మీదుగా గుంటూరు వెళ్తాను, సీజన్ టికెట్టు. బాబుని స్కూలు మార్చాం. వ్యాన్ ఎందుకు రావడం లేదని వాడు అడిగిన రోజు నా దగ్గర జవాబు లేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే తృప్తి ఉంటే చాలు, డబ్బుదేముంది అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

ఇంకొకటి. నేను ఈ ఉద్యోగం చూడ్డానికి వెళ్లింది ఆగస్టులో. అంతా ప్రశాంతం, నలుగురు మనుషులు, ఫ్యాను కింద రిజిస్టర్లు. హాయిగా ఉందనుకున్నాను. ఫిబ్రవరి వచ్చేసరికి అసలు రంగు తెలిసింది. గేటు ముందు లారీలు, ట్రాక్టర్లు, రాత్రి పదింటిదాకా కాటా, ప్రతి లాటుకీ టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, బరువెంత, రకం తేజనా, 341నా, తాలు (రంగు పోయిన కాయలు) వేరు చేశారా లేదా. బయట ఎండ మండిపోతుంటే లోపల ఛాంబర్లోకి స్వెట్టర్ వేసుకుని వెళ్లాలి. ఘాటుకి మొదటి రెండు వారాలు తుమ్ముతూనే ఉన్నాను. ఏ పనినైనా దాని కష్టమైన నెలలో చూడాలి. నువ్వు వెళ్దామనుకుంటున్న కోచింగ్ సెంటర్ని పరీక్షల నెలలో చూడు, ఫీజులు రాని నెలలో టీచర్లకు ఏ తారీఖున జీతం ఇస్తున్నారో కనుక్కో. తెలిసినవాళ్లే అయినా సరే, అక్కడ పనిచేసే మాస్టార్లను విడిగా అడుగు.

ఇంత చెప్పి, ఈ పనిలో నాకు దొరికినదేమిటో చెప్పకపోతే అన్యాయం. నేను చేరాక మొదటి సీజన్లో, 2023లో, తేజ క్వింటా 20 వేలు దాటింది. 2025 ఫిబ్రవరికి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ వేసవిలో పల్నాడు వైపు నుంచి ఒక రైతు, మా దగ్గర సరుకు ఉంచినందుకు ఇచ్చిన బాండు పట్టుకుని వచ్చాడు. 120 టిక్కీలు, సుమారు 48 క్వింటాళ్లు. ఆ సరుకు మీద బ్యాంకులో మూడు లక్షల అప్పు ఉంది, రూపాయి వడ్డీకి. "ఇంకా ఆగమంటారా మేడం, ధర వస్తుందంటున్నారు" అన్నాడు. ధర సంగతి నాకు తెలియదన్నాను. తెల్లకాగితం తీసి రాసి చూపించాను: నెలకు వడ్డీ మూడు వేలు, అంటే క్వింటాకి 62 రూపాయల 50 పైసలు. ఆరు నెలలు ఆగితే 375. ధర కనీసం అంత పెరిగితేనే నీకు ఇవాళ్టి డబ్బులు, ఆ పైన పెరిగిందే నీ లాభం. కాగితం ఆయన వైపు తిప్పాను. వేలితో ఒక్కో అంకె మీదా జరుపుకుంటూ చదువుకున్నాడు. సగం అమ్మి సగం ఉంచుతా అన్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బ్యాంకులోనూ నేను వేసినవి ఇవే లెక్కలు. అక్కడ కాగితం నా వైపు ఉండేది.

పిల్లల ముందు బోర్డు దగ్గర నిలబడితే నీకు ఇలాంటిది దొరుకుతుందనే అనుకుంటున్నాను. దొరుకుతుందో లేదో మానేయకుండానే తెలుసుకునే దారి ఉంది. ఆదివారం ఒక్క బ్యాచ్ ఇమ్మని అడుగు. నీ కంపెనీ అపాయింట్‌మెంట్ లెటర్లో బయట పని చేయకూడదని ఏమైనా ఉందేమో ముందు చదువుకో. రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా గుంటూరు బస్సెక్కొద్దు, వీక్లీ ఆఫ్ రోజు చూసుకో. ఆర్నెల్లు అలా చెప్పాక కూడా ఆదివారం కోసం ఎదురుచూస్తున్నావంటే నీ కోరిక గట్టిదే.

ముందు ఈ వారంలో నాన్నగారి దగ్గర కూర్చుని ఆ నోటు ఏ తారీఖుదో, ఇప్పటిదాకా వడ్డీ ఎంత కట్టారో, అసలు ఎంత మిగిలిందో అడిగి రాసుకో. ఆ అంకెలు ఇక్కడ పెట్టు, నెలనెలా ఎంత తీరుతుందో లెక్క నేను వేసి పెడతాను.