షట్‌డౌన్ కొడితే స్క్రీన్ ఆరుతుంది, ఫ్యాన్ ఆగదు: ఫార్మాట్ చేయించాలా?

వద్దు. షాపువాళ్లు ఫార్మాట్ కొట్టాలన్నారని రాశారు, కానీ మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉంది: స్క్రీన్ నల్లబడుతోంది, పవర్ లైటూ ఫ్యానూ మాత్రం ఆగట్లేదు, బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటేనే ల్యాప్‌టాప్ ఆగుతోంది. ఈ రోగానికి ఫార్మాట్ మందు కాదు. ఫార్మాట్ అయిన మర్నాడే విండోస్ అప్‌డేట్ తేడా చేస్తున్న అవే డ్రైవర్లను (హార్డ్‌వేర్‌ను నడిపించే చిన్న ప్రోగ్రాములు) మళ్లీ తెచ్చి పెడుతుంది. డబ్బులూ పోతాయి, బ్యాకప్ లేకపోతే ఫోటోలూ పోతాయి, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

షట్‌డౌన్ నొక్కగానే విండోస్ ముందు తెరిచి ఉన్న ప్రోగ్రాములను మూసుకోమంటుంది. ఏదైనా 5 సెకన్లు పలక్కపోతే, ఫలానా యాప్ అడ్డుపడుతోందని తెర మీద చూపిస్తుంది. తర్వాత సర్వీసుల (తెర వెనక నడిచే ప్రోగ్రాముల) వంతు, ఆ తర్వాత డ్రైవర్లది. అన్నీ అయ్యాక కరెంటు ఆపేయమని మదర్‌బోర్డుకు చెబుతుంది. తెర మీద షట్‌డౌన్ చక్రం గంటసేపు తిరుగుతూ ఉంటే ప్రోగ్రాములనో సర్వీసులనో అనుమానించాలి. మీకు స్క్రీనే ఆరిపోయిందంటే ఆ మెట్టు దాటేసినట్టే. కాబట్టి టెంప్ ఫైళ్లు తుడవడం, క్లీనర్లు వేయడం, వీడియోల్లో చెప్పినట్టు రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా) టైమవుట్లు తగ్గించడం అన్నీ దండగ. సర్వీసులకు ఇచ్చే గడువు విండోస్ 8 నుంచీ 5000 మిల్లీసెకన్లే. ఇంకా కోస్తే సేవ్ కావాల్సిన డేటాకే ముప్పు.

మొదటి అనుమానం ఫాస్ట్ స్టార్టప్ మీద. 2012లో విండోస్ 8తో వచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే మీరు నొక్కేది అసలు షట్‌డౌనే కాదు. ప్రోగ్రాములు మూసేసి, కెర్నెల్‌నీ (విండోస్ గుండెకాయ) డ్రైవర్లనీ ఉన్నవున్నట్టు సీ డ్రైవ్‌లో ఒక ఫైలుగా రాసి నిద్రపోతుంది. నమ్మకం లేకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి పర్‌ఫార్మెన్స్‌లో సీపీయూ కింద అప్‌టైమ్ చూడండి. రోజూ రాత్రి ఆపేస్తున్నా అక్కడ రోజుల లెక్క పెరుగుతూ కనిపిస్తుంది. రీస్టార్ట్‌కి ఈ మాయ లేదు, అది పూర్తిగా ఆపి మొదలుపెడుతుంది. అందుకే రీస్టార్ట్ సాఫీగా అవుతూ షట్‌డౌన్ మాత్రమే మొరాయిస్తుంటే, ముందు పట్టుకోవాల్సింది దీన్నే.

పాత హార్డ్‌డిస్క్ ఉన్న మెషీన్లలో ఇంకో సంగతి. స్క్రీన్ ఆరాక కూడా ఆ ఫైలు రాయడం కాసేపు నడుస్తుంది. డిస్క్ లైటు ఉంటే దాన్ని చూడండి. టకటకా మినుకుతుంటే పని జరుగుతోందని అర్థం, ముట్టుకోకండి. రెండు మూడు నిమిషాలైనా లైటు వెలగకుండా ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంటే అప్పుడు ఇరుక్కుపోయినట్టు.

ఒక్కసారికి పరీక్షగా, కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. అది పూర్తి షట్‌డౌన్. దాంతో ఫ్యాన్ ఆగితే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు తెరవండి. పైన 'ఇప్పుడు అందుబాటులో లేని సెట్టింగులు మార్చు' అన్నది నొక్కితే గానీ కింది గడులు కదలవు. ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసి సేవ్ చేయండి. ఎస్ఎస్‌డీ (కొత్త రకం వేగమైన డిస్క్) ఉన్న మెషీన్‌లో తేడా కొద్ది సెకన్లే, దాని కోసం ఏడవక్కర్లేదు. పక్కన ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకున్నవాళ్లయితే దీన్ని ఎలాగూ తీసేయాలి, లేకపోతే విండోస్ పార్టిషన్లు అటువైపు రాయడానికి కుదరకుండా చదవడానికే తెరుచుకుంటాయి.

షిఫ్ట్‌తో కూడా ఆగలేదా? అప్పుడు డ్రైవర్. ఇంటెల్ ల్యాప్‌టాప్ అయితే నేను ముందు చూసేది డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్ కింద ఉండే మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్. పేరు ఎవరూ పట్టించుకోరు గానీ పవర్ వ్యవహారాల్లో దీని చెయ్యి ఉంటుంది. విండోస్ 10 వచ్చిన కొత్తలో చాలా ల్యాప్‌టాప్‌లకు అచ్చం మీ లక్షణమే కనిపించింది. అప్‌డేట్ తెచ్చిన 11వ వెర్షన్ తీసి, పాత 9 లేదా 10 వేస్తే తగ్గింది. డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ బటన్ పనిచేస్తే నొక్కండి. మసకబారి ఉంటే, మీ మోడల్ నంబరుతో కంపెనీ సపోర్ట్ పేజీలో ఉన్న డ్రైవరే దింపుకోండి. "అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో" అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు, సగం సమస్యలు అవి తెచ్చేవే. కంపెనీ పేజీలోనే బయాస్ (విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోని ప్రోగ్రాము) అప్‌డేట్ కూడా ఉంటే అదీ వేయండి, కానీ చార్జర్ తగిలించి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకు తాళం వేసే బిట్‌లాకర్) ఆన్‌లో ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి. బయాస్ మారాక మెషీన్ ఆ కీ అడిగిందంటే, కీ లేనివాళ్లకు చుక్కలు కనిపిస్తాయి.

ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే డైరీ) కెర్నెల్ పవర్ 41 కనిపించిందని కంగారు పడకండి. మెషీన్ సరిగ్గా ఆగకుండా మళ్లీ లేచింది అన్నదే దాని అర్థం. బటన్ నొక్కి ఆపింది మీరే కదా, అది రాకుండా ఎలా ఉంటుంది? ఆ నంబరు చూపించి డెస్క్‌టాప్ వాళ్లకు కొత్త ఎస్ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) అంటగట్టే మహానుభావులున్నారు. చూడాల్సింది మీరు షట్‌డౌన్ నొక్కిన ఆ నిమిషాల్లో ఏ డ్రైవర్ పేరుతో ఎర్రగుర్తు పడిందో.

'అప్‌డేట్ అండ్ షట్‌డౌన్' నొక్కితే ఆగకుండా మళ్లీ లేచి కూర్చోవడం వేరే జబ్బు. విండోస్ 11లో ఆ లోపం నిజంగానే ఉండేది, 2025 అక్టోబర్ చివర్లో వచ్చిన కేబీ5067036 అనే అప్‌డేట్‌తో సరిచేశారు. మీది అది కాదు.

ఇవన్నీ చేసినా ఫ్యాన్ ఆగకపోతే, షాపుకు వెళ్లేముందు 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై మోడ్‌లో బూట్ చేసి, అక్కడి నుంచి పవర్ ఆఫ్ కొట్టండి. పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమంటుంది, నొక్కండి. ఫ్యాన్ ఆగితే బోర్డు బాగానే ఉన్నట్టు, తప్పు విండోస్ వైపు డ్రైవర్లదే. అక్కడా ఆగకపోతే బయాసో బోర్డో. అప్పుడు షాపుకు వెళ్లి "విండోస్ లేకుండా కూడా ఇదే వస్తోంది" అని చెప్పండి, ఫార్మాట్ మాట ఎత్తరు. ఈలోగా ఫ్యాన్ తిరుగుతుండగా మాత్రం ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టకండి. గాలి ఆడక లోపల కాలిపోయేంత వేడెక్కుతుంది, పొద్దునకి చార్జింగ్ కూడా ఉండదు.