సైన్యంలో మైనారిటీల హక్కులపై మా అమ్మాయి ప్రాజెక్టు రాయవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి విజయనగరంలో పదకొండో తరగతి చదువుతోంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)కు వెళ్లాలని కోరిక. పొలిటికల్ సైన్స్ ప్రాజెక్టుకు ‘సైన్యంలో మైనారిటీల హక్కులు’ అనే అంశం ఎంచుకుంది. నేను సుబేదారుగా రిటైర్ అయ్యాను. ఇలాంటి విషయం మీద రాస్తే రేపు సైనిక అధికారులను ఎంపిక చేసే బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూలో ఇబ్బంది వస్తుందేమోనని నా భయం. అంశం మార్చుకోమని చెప్పాలా? మార్చనక్కర్లేదంటే సమాచారం ఎక్కడ వెతుక్కోవాలి?

జవాబు: సుబేదారుగారూ, అంశాన్ని మార్చనవసరం లేదు, కానీ బాగా కుదించాలి. ఇప్పుడున్న రూపంలో అది ఒక పరిశోధన గ్రంథానికి సరిపడేంత ఉంది. ‘యూనిఫాం వేసుకున్న వ్యక్తికి మతస్వేచ్ఛ ఎంతవరకు ఉంటుంది?’ అన్న ఒక్క ప్రశ్నకు దాన్ని పరిమితం చేస్తే ఇరవై పేజీల్లో చక్కగా ఇమిడిపోతుంది. ఎస్‌ఎస్‌బీ విషయంలో మీరు భయపడవలసిన పని లేదు. అక్కడ ఐదు రోజులపాటు చూసేది అభ్యర్థి ఎలా ఆలోచిస్తాడు, తన మాటను ఎలా నిలబెట్టుకుంటాడు అన్నదే గాని, స్కూల్లో ఏ ప్రాజెక్టు చేశాడన్నది కాదు.

ముందుగా మీ అమ్మాయి రాజ్యాంగంలోని ఒక తేడాను గుర్తించాలి. మైనారిటీ హక్కులు అనగానే పాఠ్యపుస్తకం 29, 30 అధికరణాలను చూపిస్తుంది. అవి భాష, లిపి, సంస్కృతి, విద్యాసంస్థలకు సంబంధించినవి. సైనికుడి విషయంలో అసలు పట్టు 25, 33 అధికరణాల మధ్య ఉంది. 25 మతస్వేచ్ఛను ఇస్తుంది, కృపాణ ధారణ సిక్కు మతాచరణలో భాగమని కూడా దానికి జోడించిన వివరణలోనే చెబుతుంది. 33వ అధికరణం మాత్రం సాయుధ దళాలవారి ప్రాథమిక హక్కులను, విధి నిర్వహణకూ క్రమశిక్షణకూ అవసరమైన మేరకు, చట్టం ద్వారా పరిమితం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇస్తుంది. 1950 నాటి సైనిక చట్టంలోని 21వ సెక్షన్ సంఘాలు పెట్టుకోవడం, సభల్లో పాల్గొనడం, పత్రికలకు ఎక్కడం వంటి వాటిపై ఆంక్షలకు వీలు కల్పించింది. మతాచరణ ఆ జాబితాలో లేకపోవడం గమనించదగ్గ సంగతి. మీ అమ్మాయి ప్రశ్న మొదలవ్వాల్సింది అక్కడే.

ఆ తర్వాత రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివితే చాలు. మొదటిది 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన మహమ్మద్ జుబైర్ కేసు తీర్పు. వైమానిక దళంలో గడ్డం పెంచుకునే విషయమై వచ్చిన వివాదంలో, జుట్టు కత్తిరించడాన్నీ ముఖక్షౌరాన్నీ తమ మతం నిషేధించినవారికే సాయుధ దళాల నిబంధనల్లోని 425వ రెగ్యులేషన్ మినహాయింపు ఇస్తుందని, ఇస్లాం ఆ కోవలోకి వస్తుందని చూపే ఆధారం తమ ముందు లేదని కోర్టు చెప్పింది. రెండోది సిక్కు జవాన్ల స్క్వాడ్రన్‌లో పనిచేసిన ఒక క్రైస్తవ అధికారి, లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేశన్ కేసు. ఆయన రెజిమెంట్ మతపరమైన పరేడ్‌లకు హాజరయ్యేవారు, గర్భగుడిలోకి వెళ్లడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆయనను సర్వీసు నుంచి తొలగించడం సరైనదేనని 2025 మేలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇవ్వగా, అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. మొదటి కేసులో వ్యక్తి తన మతాచరణను కొనసాగిస్తానంటున్నాడు, రెండో కేసులో ఇతరుల మతాచరణలో పూర్తిగా పాలుపంచుకోలేనంటున్నాడు. ఈ రెండూ ఒకే రకమైన హక్కేనా అన్నది నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో అత్యంత విలువైన అధ్యాయం అవుతుంది. అలాంటి మతపరమైన పరేడ్‌లు (మందిర్ పరేడ్‌లు) చూసినవారు మీ ఇంట్లోనే ఉన్నారు కనుక ఆమె మొదటి ఇంటర్వ్యూ మీతోనే చేయవచ్చు. సర్వీసులో ఉన్నవారిని మాత్రం అడగవద్దు, నిబంధనలు వారిని ఇరకాటంలో పెడతాయి.

పోలికకు అమెరికా నుంచి ఒక కేసు తీసుకోవడం మంచిది. అక్కడి వైమానిక దళంలో పనిచేసే ఒక యూదు అధికారి యూనిఫాంతో పాటు మతపరమైన చిన్న టోపీ పెట్టుకోవడంపై వచ్చిన గోల్డ్‌మన్ కేసులో 1986లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో సైన్యం పక్షం వహించింది. మరుసటి ఏడాదే అక్కడి చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి, అణకువగా, చక్కగా ఉండే మతచిహ్నాలకు అనుమతి ఇచ్చింది. కోర్టులో ఓడిన హక్కును చట్టసభ నిలబెట్టిన తీరును, మన 33వ అధికరణం అధికారాన్ని పార్లమెంటు చేతిలోనే ఎందుకు పెట్టిందన్న ప్రశ్నతో కలిపి చూస్తే ఆమె వాదానికి బలం వస్తుంది.

అంకెల జోలికి మాత్రం వెళ్లవద్దని నా గట్టి సలహా. సైన్యంలో ఏ మతం వారు ఎంత శాతమో చెప్పే సంఖ్యలు ఇంటర్నెట్‌లో బోలెడు తిరుగుతుంటాయి. ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన సచార్ కమిటీ అడిగినప్పుడు, 2006లో, ముస్లింల వివరాల సేకరణపైనే పెద్ద దుమారం రేగింది. అధికారిక మూలం చూపలేని అంకెను వాడితే మౌఖిక పరీక్ష (వైవా)లో మొదటి ప్రశ్నకే దొరికిపోతుంది. మన తీర్పుల పూర్తి పాఠాలు సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. పత్రికా కథనం చదివి తీర్పు చదివినట్టు రాయకూడదు. రక్షణ మంత్రి పార్లమెంటులో ఇచ్చిన జవాబులు లోక్‌సభ సైటులో ఉంటాయి. ఆర్టీఐ దరఖాస్తుకు జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి ప్రాజెక్టు సమయానికి అది అందుతుందని ఆశించలేము. మహిళా అధికారుల పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంటు వరకు సర్వీసులో కొనసాగే అవకాశం)పై 2020 నాటి తీర్పు ఆమెను ఊరిస్తుంది. అది లింగ సమానత్వం, వేరే ప్రాజెక్టు.

మీరు నన్ను అడగని విషయం ఒకటి ఉంది. పొలిటికల్ సైన్స్ గ్రూపులో మీ అమ్మాయి మ్యాథ్స్ చదువుతోందా? ఎన్‌డీఏ రాత పరీక్షలో 900 మార్కులకు 300 మ్యాథ్స్‌వే. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపువారైనా అర్హులే. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి. ఈ ప్రాజెక్టు చేస్తూ తీర్పులు చదవడంలో ఆమెకు ఆసక్తి కలిగితే, సైన్యంలోకే మరో దారి ఉంది: జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసి విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయంలోనో హైదరాబాద్‌లోని నల్సార్‌లోనో న్యాయశాస్త్రం చదివి, సైన్యంలో న్యాయ వ్యవహారాలు చూసే జడ్జ్ అడ్వొకేట్ జనరల్ శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు. డిగ్రీలో 55 శాతం మార్కులు, 27 ఏళ్ల లోపు వయసు ఉండాలి. ఎస్‌ఎస్‌బీ అక్కడా తప్పదు. ఆ శాఖలో పురుషులకు ఎక్కువ, మహిళలకు తక్కువ పోస్టులు కేటాయించే పద్ధతిని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. పన్నెండో తరగతిలో ఎన్‌డీఏతో పాటు క్లాట్ కూడా రాయించండి, ఏది ముందు వస్తే దాని మీద అప్పుడు మాట్లాడుకుందాం.