కాటా దగ్గర మొదలుపెట్టు

చి. నానీకి మామయ్య ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఇలాంటి సంగతులు ఫోన్లో మాట్లాడుకుంటే సగం గాలికి పోతాయని రాస్తున్నాను. యోగా క్లాసులో యమనియమాల గురించి చెప్పారనీ, వాటిలో సత్యం, అస్తేయం (అంటే దొంగతనం చెయ్యకపోవడం) రెండూ దీక్షలా పట్టాలని ఉందనీ అన్నావు. కొత్తగా నగల కొట్టు పెట్టినవాడివి, పైగా నెల్లూరులో. అబద్ధం ఆడకుండా ఆ బజార్లో నెగ్గుకురావడం అయ్యే పనేనా అని నీ టెన్షన్. అయ్యే పనే. కాకపోతే నువ్వు ముందు సత్యం పట్టుకుని, అది కుదిరాక అస్తేయం సంగతి చూద్దామంటున్నావు. నా మాట విని ఆ వరస తిరగెయ్.

పతంజలి యోగసూత్రంలో యమాలు చెప్పేచోట అహింస, తర్వాత సత్యం, ఆ తర్వాత అస్తేయం ఉన్న మాట నిజమే. మీ మాస్టారు చెప్పింది అదే. నేను చెన్నైలో చదువుకున్నవాణ్ణి కాబట్టి బళ్లో తిరుక్కుఱళ్ అనే తమిళ నీతి గ్రంథం బట్టీ పట్టక తప్పలేదు. అందులో 133 అధ్యాయాలు, అధ్యాయానికి పదేసి కుఱళ్లు, అంటే రెండేసి పాదాల పద్యాలు. 29వ అధ్యాయం కళ్ళామై, దొంగతనం చెయ్యకపోవడం గురించి. 30వది వాయ్‌మై, సత్యం గురించి. అది రాసిన తిరువళ్ళువరు ముందు చేతిని కట్టేసి తర్వాత నాలుక జోలికి వెళ్లాడన్నమాట. పండితులు దీనికి ఏ కారణం చెప్పినా చెప్పనీ, ఇన్నేళ్లు నగల కొట్లో లెక్కలు రాసినవాడిగా నాకు ఆ వరసే సబబనిపిస్తుంది. మన వ్యాపారంలో ఆడే అబద్ధాల్లో ముప్పాతిక మువ్వీసం, అంతకుముందే జరిగిపోయిన ఒక చిన్న దొంగతనాన్ని దాచడానికి పుట్టినవే.

ఎలాగో చూడు. ఒక కెంపుల హారం కాటా మీద పెట్టావు. 40 గ్రాములు తూగింది. అందులో రాళ్లూ, వాటి కింద లక్కా కలిపి ఆరు గ్రాములున్నాయి. 40 గ్రాములకీ బంగారం ధర వేసి బిల్లు కొట్టావనుకో. అప్పటిదాకా నువ్వు నోరు విప్పి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఇంతలో కొనడానికి వచ్చినావిడ పక్కనున్న అక్కగారు అడుగుతుంది, “రాళ్ల తూకం తీసేశారా బాబూ?” అని. ఇక మొదలు. ఒకటి చెప్తావు, దాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. కౌంటర్లో ఉన్న కుర్రాడికి కన్ను గీటాలి, వాడికి కూడా నేర్పాలి. అదే బిల్లు మీద గ్రాసు 40, రాళ్లు 6, నెట్టు 34 అని మూడు వరసలు విడివిడిగా ఉన్నాయనుకో, ఆవిడ అక్కగారినే కాదు, ఊరందరినీ తెచ్చుకున్నా నీకు భయం లేదు. రాళ్లకు డబ్బు తీసుకోవద్దనడం లేదు. రాళ్లకు రాళ్ల ధర వెయ్యి, బంగారానికి బంగారం ధర వెయ్యి.

తరుగు కూడా అంతే. పనిలో బంగారం కొంత పోతుంది, దానికి డబ్బు తీసుకోవడం న్యాయమే. కానీ మెషీన్ మీద చేసిన చెయినుకి, చేత్తో చేసిన నకాషీ హారానికి ఒకే తరుగు ఎందుకు పడుతుందో కొన్నవాళ్లకి నువ్వు చెప్పగలగాలి. చెప్పలేకపోతే అందులో నీ లాభం దాక్కుని ఉందన్నమాట. లాభం తీసుకో, తప్పేం లేదు. దాన్ని బయట కూర్చోబెట్టు.

ఇవి సన్యాసుల ధర్మాలు కదా మామయ్యా అంటావేమో. వళ్ళువరు ఈ రెండు అధ్యాయాలనూ సన్యాసుల భాగంలోనే పెట్టాడు, ఒప్పుకుంటాను. అయితే సంసారుల భాగంలో, 12వ అధ్యాయంలో చివరి కుఱళ్ అచ్చంగా నీకోసమే ఉంది. పరాయివాళ్ల సొత్తును తన సొత్తులాగే చూసుకుంటూ చేసేదే వర్తకులకు వర్తకం అంటాడు. పాత బంగారం మార్చుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గర దీన్ని గుర్తుపెట్టుకో. వాళ్ల నగ లోపలికి తీసుకెళ్లి కరిగించి తేవద్దు. వాళ్ల కళ్లెదుటే తూచి, వాళ్లు చూస్తుండగానే కరిగించు. ఆ ముద్దని మళ్లీ తూచి, టచ్, అంటే బంగారం స్వచ్ఛత, ఎంతొచ్చిందో కాగితం మీద రాసివ్వు. తమిళంలో తిరుమూలరు తన తిరుమందిరంలో యమం పాటించేవాడు ఎలా ఉంటాడో ఒకే పద్యంలో చెప్పాడు. చంపనివాడు, బొంకనివాడు, దొంగిలించనివాడు అంటూనే, పక్షపాతం లేకుండా ఉండేవాడు, పదిమందికీ పంచి తినేవాడు అని కూడా కలిపాడు. అంటే దొంగతనం చెయ్యకుండా ఉంటే చాలదు, పంచడం కూడా రావాలి. నీ పనివాళ్ల కూలి విషయం వేరే ఉత్తరంలో రాస్తాను, అది పెద్ద కథ.

ఇంట్లోవాళ్ల దగ్గర జరిగే దొంగతనం ఇంకా చిక్కు. నువ్వూ మీ పెదనాన్న కొడుకూ కలిసి పెట్టిన కొట్టు ఇది. గల్లాలోంచి రాయకుండా ఐదొందలు తీస్తే ఎవరూ అడగరు. అన్నే కదా, మన కొట్టే కదా అనిపిస్తుంది. మహాభారతం శాంతిపర్వంలో శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ముల కథ ఉంది, ఇద్దరూ మునులే. తమ్ముడు లిఖితుడు అన్న ఆశ్రమానికి వెళ్లాడు. అన్న లేడు. చెట్టున పండిన పళ్లు కోసుకుని తింటూ కూర్చున్నాడు. అన్న వచ్చి ఇవి ఎక్కడివిరా అంటే, నవ్వుతూ ఇక్కడివే అన్నాడు. శంఖుడికి నవ్వు రాలేదు. “అడక్కుండా తీసుకున్నావు, ఇది దొంగతనం, రాజు దగ్గరికి వెళ్లి శిక్ష వేయించుకో” అన్నాడు. రాజు సుద్యుమ్నుడు క్షమిస్తానన్నా లిఖితుడు వినలేదు. చేతులు నరికించుకుని వచ్చాడు. అన్న చెప్పినట్టు బాహుదా నదిలో దిగి తర్పణం ఇవ్వబోతే చేతులు మళ్లీ వచ్చాయి. అప్పుడు తమ్ముడు అడిగాడు, “ఈ శక్తి నీకుంటే ముందే నన్ను శుద్ధి చెయ్యొచ్చు కదా?” అని. దండించడం రాజు పని, నా పని కాదు అన్నాడు అన్న. ఈ కథలో శిక్ష మరీ ఘోరం, అది నాకూ నచ్చదు. కానీ లిఖితుడు అబద్ధం ఆడలేదు చూశావా? అడిగితే ఇక్కడివే అని నిజమే చెప్పాడు. నిజం చెప్పినా తీసుకున్నది తీసుకున్నదే. అందుకే గల్లా పక్కన ఒక పుస్తకం పెట్టి, టీకి తీసినా సరే, తియ్యకముందు రాయి. తీశాక రాద్దామంటే రాయం.

చెయ్యి కుదురుకున్నాక నాలుక సంగతి. ఇక్కడ చాలామంది కుర్రాళ్లు పోయే దారి ఒకటుంది. సత్యవ్రతం పట్టాను అని చెప్పి, కనబడ్డవాళ్లందరికీ మొహం మీద కొట్టినట్టు మాట్లాడటం. వాయ్‌మై అధ్యాయంలో మొట్టమొదటి కుఱళే దానికి కళ్లెం వేస్తుంది. సత్యమంటే ఏమిటయ్యా అంటే, ఎవరికీ ఏ కీడూ చెయ్యని మాట పలకడం అంటాడు. మన మనుధర్మం కూడా నిజం చెప్పు, ప్రియంగా చెప్పు, అప్రియమైన నిజం చెప్పకు, అలాగని ప్రియం కోసం అబద్ధమూ ఆడకు అంది. కర్ణపర్వంలో కౌశికుడని ఒక ముని ఉన్నాడు. దొంగలు వచ్చి, తమ నుంచి పారిపోయిన జనం ఎటెళ్లారని అడిగితే, సత్యవ్రతుణ్ణి కదా అని దారి చూపించి, వాళ్ల చావుకి కారణమై నరకానికి పోయాడు.

రేపు నీకు ఇలాంటిది కౌంటర్ మీదికే వస్తుంది. కొత్త కోడలు అత్తగారితో వస్తుంది, పుట్టింటివాళ్లు పెట్టిన నాలుగు సవర్ల గొలుసు మార్చుకుంటానని. నువ్వు చూస్తే అది 18 క్యారెట్లు. 2021లో హాల్‌మార్క్ తప్పనిసరి అని మొదలుపెట్టేదాకా అమ్మినవాటిలో ఇలాంటివి కోకొల్లలు. కొన్నవాళ్లకే తెలిసి ఉండదు, పాపం ఆ అమ్మాయి తండ్రి 916, అంటే 22 క్యారెట్లు, అనుకునే కొని ఉంటాడు. అక్కడ అత్తగారి ముందు “ఇది తక్కువ బంగారమమ్మా” అన్నావో, ఆ పిల్ల జన్మంతా ఆ మాట మోస్తుంది. తక్కువ టచ్ ఉన్నా ఎక్కువ ధర కట్టేస్తే నువ్వు మునుగుతావు. ఎక్కువ టచ్ ఉన్నా తక్కువ కట్టడం మాట చెప్పనే అక్కర్లేదు. “టచ్ పరీక్ష చేయించాక చెప్తానమ్మా, రేపు ఒకసారి మీరే రండి” అను. అమ్మాయి ఒక్కతే వచ్చినప్పుడు కాగితం చూపించి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నిజం ఒక్క గ్రాము తగ్గలేదు, ఎవరికీ తలవంపులూ లేవు.

ఈ వెసులుబాటు ఉంది కదాని జారిపోకు. వాయ్‌మై అధ్యాయంలోనే రెండో కుఱళ్‌లో వళ్ళువరు, మచ్చలేని మేలు చేసేదైతే అబద్ధమూ సత్యం కిందికే వస్తుంది అన్నాడు. మేలు ఎవరికని చూసుకో. ఎదుటివాడికైతే ఆలోచించు, నీ గల్లాకైతే అది ఉత్త అబద్ధమే. తెలుగువాళ్లకి ఇంకో పద్యం నోటికి వచ్చు, మీ బజార్లో కూడా ఎవరో ఒకరు వినిపించే ఉంటారు. “వారిజాక్షులందు వైవాహికములందు” అని మొదలై “బొంకవచ్చు నఘము పొందదధిప” అని ముగిసేది. ప్రాణానికే కాదు, విత్తానికి ముప్పొచ్చినా బొంకవచ్చని అందులో ఉంది కాబట్టి వ్యాపారులకి అదంటే మహా ప్రీతి. పోతన ఆ మాట ఎవరి నోట పెట్టాడు? శుక్రాచార్యుడి నోట. ఎవరితో అనిపించాడు? బలి చక్రవర్తితో. బలి విన్నాడా? హరుడొచ్చినా హరి వచ్చినా “తిరుగన్ నేరదు నాదు జిహ్వ” అన్నాడు. పద్యం సగమే చదివి కథ మానేసేవాళ్లతో వాదించకు, నవ్వి ఊరుకో.

ఇంకొకటి, ఈ దీక్ష సంగతి ఎవరికీ చెప్పకు. కళ్ళామైకి ముందున్న 28వ అధ్యాయమంతా దొంగ సాధువుల గురించే. తపస్వి వేషం చాటున పాపం చేసేవాణ్ణి, పొద చాటున నక్కి పిట్టల్ని పట్టే బోయవాడితో పోల్చాడు. కొట్లో “సత్యమే మా దైవం” అని బోర్డు పెడతానన్నావు చూడు, వద్దు. అస్తేయం స్థిరపడినవాడికి సర్వరత్నాలూ తమంతట తామే వస్తాయని పతంజలి చెప్పిన సూత్రం కూడా గోడకెక్కించకు. రత్నాలమ్మే కొట్లో అది ఆఫర్ ప్రకటనలా ఉంటుంది.

ఎంత శుద్ధంగా ఉన్నా, ఎవరో ఒకరు నువ్వే రాయి మార్చావంటారు. అప్పుడు ఉడుక్కోకు. చిదంబరంలో తిరునీలకంఠుడనే కుమ్మరి ఉండేవాడు, 63 మంది నాయనార్లు అనే శివభక్తుల్లో ఒకడు. శివుడు యోగి వేషంలో వచ్చి ఒక భిక్షాపాత్ర దాచమని ఇచ్చి, తనే దాన్ని మాయం చేసి, తిరిగొచ్చి నువ్వే దొంగవన్నాడు. కాదంటే నీ భార్య చెయ్యి పట్టుకుని కొలనులో మునిగి ప్రమాణం చెయ్యమన్నాడు. కుర్రతనంలో ఆయన పరాయి ఆడదాని దగ్గరికి వెళ్లొచ్చినందుకు, నన్ను ముట్టుకోవద్దని భార్య శివుడి మీద ఒట్టు పెట్టింది. ముసలితనం వచ్చేదాకా ఒకే ఇంట్లో ఉండి ఆ ఒట్టు దాటలేదు వాళ్లు. ఒక వెదురుకర్ర చెరో కొనా పట్టుకుని దిగారు. చెయ్యే పట్టుకోవాలని యోగి పట్టుబడితే, ఇన్నేళ్లూ దాచుకున్న సిగ్గుపడే సంగతంతా నలుగురిలో విప్పి చెప్పేశాడు ఆయన. మునిగి లేచేసరికి ఇద్దరికీ వయసు తిరిగొచ్చిందని, ఆ నాయనార్ల కథలు చెప్పే పెరియపురాణం చెప్తుంది. నీ దగ్గర కొలను లేదు గానీ సీసీ కెమెరా ఉంది, తూకం చీటీలున్నాయి. నీకు ఇబ్బంది కలిగించేవి ఉన్నా సరే, మొత్తం తీసి వాళ్ల ముందు పెట్టు.

చివర్లో అడిగావు, బిల్లు లేకుండా ఇస్తే ఆ మూడు శాతం జీఎస్టీ మిగులుతుంది కదా అని కస్టమర్లే బతిమాలితే ఏం చెయ్యాలని. ఇవ్వకు. నువ్వు దాచేది ప్రభుత్వం సొమ్ము. అక్కడితో అయిపోదు, ఆ అమ్మకం రాయకుండా ఉండాలంటే ఆ బంగారం కొన్నదీ రాయకూడదు, స్టాకు పుస్తకం తారుమారు చెయ్యాలి, ఆడిటరుకి కథ చెప్పాలి. “బిల్లు లేకుండా మా దగ్గర లేదండీ” అని ఒక్క ముక్క చెప్పు, కారణాలు, నీతులు వద్దు. కొందరు లేచి పక్క కొట్టుకి పోతారు. మొదటి ఏడాది గట్టిగానే తగులుతుంది, కాబట్టి కొట్టు అద్దెకీ జీతాలకీ ఆరు నెలలకి సరిపడా విడిగా బ్యాంకులో వేసి పెట్టుకో. మీ అన్నతో కూడా ఈ సంగతి ముందే మాట్లాడు, ఆయన ఒప్పుకోకుండా నువ్వొక్కడివే మొదలుపెట్టకు.

అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

మీ మామయ్య