తిరుపతిలో ఉంటూ పర్యావరణ న్యాయం, ప్రజా విధానాల రంగంలో పనిచేయొచ్చా?

అడిగినవారు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎంఎస్సీ పూర్తి చేశారట. ఈ రంగంలోకి రావాలంటే ఢిల్లీయో బెంగళూరో వెళ్లక తప్పదా అన్నది వారి సందేహం. అలాంటిదేమీ లేదు, వెళ్లక్కర్లేదు. నేను చిత్తూరు జిల్లా పల్లెల్లో ఈ పనే చేస్తున్నాను. ఊళ్లో పనిచేయకుండా నేరుగా ఢిల్లీ వెళ్లినవాళ్లు రాసే పాలసీల మీద నాకు నమ్మకం లేదు.

చిత్తూరు పడమటి మండలాల్లో ఒక ఊరి పక్కన గ్రానైట్ క్వారీల కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. షామియానా, నీళ్ల ప్యాకెట్లు, ముందు వరుసల్లో ఊరికి సంబంధం లేని మనుషులు. అదీ టమాటా కోతల రోజుల్లో, పొద్దున పదకొండింటికి. కూలి మానుకుని ఎవరొస్తారు? సాయంత్రం పెడితే ఎవరికి నష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయినా ఆడవాళ్లు వచ్చారు. అంతకుముందు రాత్రుళ్లు గుడి దగ్గర కూర్చుని ఈఐఏ (క్వారీ వల్ల పర్యావరణంపై పడే ప్రభావాల అంచనా) రిపోర్టు తెలుగు సారాంశాన్ని అందరికీ చదివి వినిపించాం. చుట్టుపక్కల నీటి వనరుల పట్టికలో ఊరి చెరువే లేదు! ఆ చెరువుకు నీళ్లు తెచ్చే వంక క్వారీ గుట్ట కిందినుంచే వస్తుంది. మైకు చేతికి రాగానే ఒక పెద్దావిడ లేచి, "సార్, ఈ పుస్తకంలో మా చెరువు యాడ పోయింది? పోయినేడు మరవ పారిందే, మీకు కనపళ్లేదా?" అంది. ఆ రిపోర్టు తయారుచేసిన కన్సల్టెంట్ మ్యాపు తిప్పి తిప్పి చూశాడు. ఆమె వదల్లేదు. తూము ఏ పక్కనుంది, దాని కింద ఎవరెవరి మడి ఉంది, ఏ ఏడు చెరువు ఎండింది, అన్నీ వరసగా చెప్పింది. ఆ కన్సల్టెంటుకు డబ్బిచ్చేది అనుమతి అడిగే కంపెనీయే. దేశమంతా ఇదే పద్ధతి. ఇది మారనంత కాలం రిపోర్టుల్లో చెరువులు మాయమవుతూనే ఉంటాయి.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం, జనం చెప్పిన విషయాల సారాంశాన్ని సభ చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. చదివారు. ఆమె మాటలన్నీ 'నీటి సమస్య ప్రస్తావించారు' అన్న ఒక్క ముక్కలో తేలిపోయాయి. చెరువు పేరు, సర్వే నంబరు రాయాల్సిందేనని పట్టుబట్టాం. రాశారు. దాంతో రిపోర్టు సవరించారు, వంకలో రాళ్ల వ్యర్థాలు పోయకూడదన్న షరతు అనుమతి పత్రంలోకి ఎక్కింది. క్వారీ ఆగలేదు. కానీ లారీ వంక దగ్గర ఆగిందంటే చాలు, ఊరి పిల్లలు ఫొటో తీసి ఆ షరతు నంబరుతో ఫిర్యాదు పెడుతున్నారు. ప్రజల నుంచి వచ్చే పాలసీ అంటే నా దృష్టిలో ఇదే. స్టార్ హోటళ్లలో జరిగే వర్క్‌షాపులు కాదు.

పెద్ద తీర్పులు కూడా ఇలా స్థానికుల నుంచే వచ్చాయి. మన కుప్పం మీదుగా పోయే పాలారే తమిళనాడులో తోళ్ల పరిశ్రమల వల్ల పాడైతే, వెల్లూరు పౌరుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమేనని 1996లో కోర్టు చెప్పింది ఆ కేసులోనే. ఇప్పుడైతే పర్యావరణ కేసులు విచారించే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ చెన్నైలో ఉంది. తిరుపతి నుంచి 150 కిలోమీటర్ల లోపే, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ముందే దిగుతాం. పర్యావరణ అనుమతిపై అప్పీలుకు మామూలుగా ఉండే గడువు 30 రోజులే కాబట్టి ఈ దగ్గరితనం చాలా విలువైనది.

మొదట్లో జీతం ఐటీవాళ్లతో పోల్చేలా ఉండదు, ఇంట్లో ఒప్పించుకోవాలి. అడంగల్ (ఊరి భూముల, సాగు వివరాల రికార్డు), ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటాలు) చదవడం, ఆర్టీఐ దరఖాస్తు సూటిగా రాయడం నేర్చుకోండి. వీలైతే మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయండి. నీటి పరీక్షల రిపోర్టు మీకు ఎలాగూ అర్థమవుతుంది, అది చదవగలిగినవాళ్లు ఊళ్లలో చాలా తక్కువ. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో జరగబోయే ప్రజాభిప్రాయ సేకరణల నోటీసులు పేపర్లో వస్తాయి. నోటీసుకూ సభకూ మధ్య కనీసం 30 రోజులు ఇవ్వాలి. దగ్గర్లో ఉన్నది ఒకటి చూసుకుని, సభ రోజు దాకా ఆగకుండా ఆ 30 రోజుల్లోనే ఊళ్లోకి వెళ్లండి.