ఒక్క మెయిల్ కోసం వారం రోజులా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ ఫైనలియర్. లినక్స్ సర్వర్ నుంచి ఒక్క మెయిల్ బయటికి పంపడానికి వారం రోజులుగా కుస్తీ పడుతున్నాడు. అది మానిపించి డెవాప్స్ (సాఫ్ట్‌వేర్ తయారీని, సర్వర్ల నిర్వహణను కలిపి నడిపే పద్ధతి) కోర్సులో చేర్పించమంటారా? రెండింటిలో దేనికి భవిష్యత్తు ఉంది?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించి. మీ టెన్షన్ మాత్రం పిల్లవాడు టైమ్ పాడుచేసుకుంటున్నాడేమోనని. పాడుచేసుకోవడం లేదండీ.

బ్యాకప్ ఫెయిలైనా, డిస్కు నిండిపోయినా ఆ కబురు అడ్మిన్‌కి చేరాలి. అందుకే ఈ మెయిల్. మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయడం నిమిషాల్లో అయిపోతుంది, చిక్కంతా ఆ తర్వాతే. కమాండ్ కొడితే ఎర్రర్ రాదు, మెయిల్ చేరదు. పంపాల్సిన మెయిళ్ల క్యూ చూస్తే అక్కడే పడి ఉంటుంది. జరిగిందంతా నమోదయ్యే లాగ్ తెరిస్తే 'కనెక్షన్ టైమ్డ్ అవుట్', అంటే అవతలి నుంచి జవాబే లేదని. స్పామ్ భయంతో చాలా క్లౌడ్ కంపెనీలు, సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారి అయిన 25వ పోర్టును బయటికి వదలవు. అప్పుడు 587 పోర్టులో, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి, మన తరఫున మెయిల్ పంపిపెట్టే వేరే రిలే సర్వర్‌కి అప్పగించాలి. అదీ దాటాక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని రుజువు చేసేవి) లేవంటే స్పామ్‌లో పడుతుంది, లేదా తిరుగుటపాలో వస్తుంది. 2024 నుంచి జీమెయిల్ ఈ విషయంలో మరీ గట్టిగా ఉంది. డీఎన్‌ఎస్ (డొమైన్ పేర్ల చిట్టా), ఫైర్‌వాల్, టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది), లాగ్ చదవడం అన్నీ ఆ 'ఒక్క మెయిల్'లోనే ఉన్నాయి.

డెవాప్స్ మీద నాకు కోపం లేదు. దాన్ని ఫ్రెషర్‌కి మొదటి మెట్టుగా అమ్మడం మీదే అనుమానం. డాకర్, కుబర్నెటీస్, టెర్రాఫామ్ లాంటి డెవాప్స్ సాధనాల పేర్లు గడగడా చెప్పేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు. 'కంటైనర్‌లోంచి (డాకర్‌లో ప్రోగ్రామ్ నడిచే విడి పెట్టెలాంటిది) మెయిల్ వెళ్లడం లేదు, ముందు ఎక్కడ చూస్తావు?' అంటే నోరు మెదపరు. అక్కడా చూడాల్సింది ఇదే లాగ్, ఇదే పోర్టు. మీవాడు దీనికి జవాబు చెప్పగలడు.

కాస్త కటువుగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఏ కోర్సుకి గిరాకీ ఉందో వాకబు చేశారు సరే, వాడు ఎక్కడ ఆగిపోయాడో ఒక్కసారైనా అడిగారా? మీ మాటలోని చులకన వాడికి తెలియదనుకోకండి.

ఒక్క హద్దు మాత్రం పెట్టండి. మెయిళ్లు అందుకునే పూర్తి సర్వర్ కట్టే పని ఇప్పుడే వద్దు. పోస్ట్‌ఫిక్స్‌ను లూప్‌బ్యాక్‌కే (అంటే ఆ మెషీన్‌లోంచి వచ్చే మెయిళ్లను మాత్రమే తీసుకునేలా) పరిమితం చేసి, పంపడం వరకు చూసుకుంటే చాలు. ఏ ఎర్రర్ వచ్చింది, ఏ లైన్ మార్చితే పోయింది అన్నది రాసిపెట్టుకోమనండి. రెజ్యూమేలో కోర్సు సర్టిఫికెట్ కంటే అదే పైన ఉండాలి. డెవాప్స్ సంగతి డిగ్రీ చేతికొచ్చాక చూద్దాం.